ఉత్త డొప్ప

"ఇది పోదు పెద్దమ్మా. నువ్వేం చెప్పినా పోదు."

కోమలి రేకు డబ్బాలోంచి తీసినదాన్ని కౌంటరు బల్ల మీద ఠక్కున పెట్టింది. చెనక్కాయ ఉండల మధ్య దాక్కున్న ఇత్తడి తూటా! తిరుపతి పోస్టాఫీసులో విదేశీ పార్సెళ్ళ దగ్గర కూర్చున్నప్పటి నుంచి నూనె కారే ఆవకాయ డబ్బాలు ఎన్నో చూసింది గానీ, తూటాను చూడటం ఆమెకిదే మొదలు.

"తూటా యాడిది తల్లీ? అది ఉత్త డొప్ప," అంది గురవమ్మ. "ఎప్పుడో పేలిపోయిండాది. లోపల మందూ లేదు, మాకూ లేదు."

నమ్మకపోతే చూడమన్నట్టు దాన్ని తలకిందులు చేసి అరచేతిలో కొట్టింది. అందులోంచి ఇంత చెనక్కాయ పొట్టు రాలింది.

"డొప్పయినా అంతే. తూటాకు సంబంధించిన ఏ ముక్కా విదేశీ పార్సెల్లో పోకూడదు. అది పేలిందో పేలలేదో స్కానింగు మిషనుకేం తెలుసు? పార్సెలు ఆపేస్తారు, పోలీసులు నీ ఇంటికొస్తారు. అదంతా దాటుకుని పోయిందే అనుకో, కువైట్లో దాన్ని అందుకున్నవాళ్ళ మీద కేసు పెడతారు. దేశంకాని దేశంలో జైలు పెద్దమ్మా!"

గురవమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "అయ్యో దేవుడా! మా చిట్టిగాణ్ణి పట్టుకుపోతారా?"

"చిన్నపిల్లల్ని ఎవరు పట్టుకుపోతారు? ఇంట్లో పెద్దవాళ్ళని..."

కోమలి మాట పూర్తి కాకముందే వెనక వరసలోంచి వరదయ్య తల ముందుకు పెట్టాడు. చేతిలో ఓ స్పీడుపోస్టు కవరు, ముఖం నిండా చిరాకు.

"అమ్మణ్ణీ, ఆ యమ్మను పక్కన పెట్టి మా పని సూడు. ఈడ కాళ్ళు పీక్కుపోతా ఉండాయి. తూటాలు పంపేదానికి ఇదేమన్నా మిలిటరీ డిపోనా?"

గురవమ్మ అతని వైపు తిరిగింది. కోపం రాలేదు ఆమెకి. అంతకంటే ముందు కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"ఆడ యుద్ధమొచ్చె గదప్పా. రాత్రిళ్ళు నెత్తిమీదనే ఏందేందో పేలినాయంట. యుద్ధమైతే నిలిచిపోయింది గానీ, పిల్లోడికి జడుపు నిలవలా. తలుపు కొట్టుకున్నా ఉలిక్కిపడి లేచి కూచుంటాడంట. అన్నం సరింగా తినడు. నాకు ఫోను చేస్తాడు, చేసి ఏమీ మాట్లాడడు. ఊపిరి ఒకటే వినిపిస్తాది. నేనే ఏదో ఒగటి చెప్తా ఉంటాను, వాడు నిద్రపోయేదాకా."

వరదయ్య గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. "వాళ్ళమ్మ దగ్గర లేదా?"

"యాడుండాది? వాణ్ణి నా చేతిలో పెట్టి పోయింది. నేనే సాకినాను."

"పాపం, ఎంత కష్టమొచ్చింది బిడ్డకు," అన్నాడు వరదయ్య. అని కోమలి వైపు చూసి, "నిదానంగానే కానీ అమ్మణ్ణీ, నాకేం తొందర లేదులే" అన్నాడు.

కోమలికి తన కూతురు గుర్తొచ్చింది. టపాకాయ చప్పుడు వినబడితే చాలు, మంచం కింద దూరేస్తుంది ఆ పిల్ల. దాన్ని బయటికి లాగి ఒళ్ళో పడుకోబెట్టుకోవడానికి తనుంది. ఈ బిడ్డకి ఎవరున్నారు?

"మరి ఈ డొప్ప ఏం చేస్తుంది పెద్దమ్మా?"

"మాది కార్వేటినగరం పక్కన. చెరుకు తోటలో పందుల్ని తరిమేదానికి మా తాత పేల్చింది ఇది. మా ఇంట్లో ఏ బిడ్డ జడుసుకున్నా దీన్నే మొలతాడుకు కట్టేది. పేలాల్సింది పేలిపోయింది, ఇంక దానికి భయపడేదేముండాది? అది ఒంటిమీద ఉంటే అదో ధైర్యం."

కోమలి డొప్పను చూసింది. ఎంత జాలి పడినా దాన్ని పార్సెల్లో పెట్టడం ఆమె తరం కాదు. ఆ బిడ్డ ఇంటి మీదికి పోలీసుల్ని తోలినట్టవుతుంది. జడుపు పోగొట్టబోయి కొత్త జడుపు తెచ్చిపెట్టడమే. బుగ్గన చెయ్యి పెట్టుకుని కాసేపు ఆలోచించింది.

"పెద్దమ్మా, ఈ డొప్పకు తాకించిన తాడుకు ఆ ధైర్యం రాదా?"

గురవమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "ఎందుకు రాదు తల్లీ? బ్రహ్మాండంగా వస్తాది."

"తాడయితే పంపొచ్చు. ఏ దేశమూ వద్దనదు."

"నేను తెస్తా ఉండండి," అంటూ వరదయ్య కవరు అక్కడే పడేసి రోడ్డు మీదికి పరిగెత్తాడు. కాళ్ళు పీక్కుపోతున్న మనిషి కాస్తా, ఎదుటి అంగట్లోంచి నల్ల మొలతాడు కట్ట తీసుకుని రొప్పుతూ వచ్చాడు.

గురవమ్మ ఆ తాడును డొప్ప చుట్టూ గట్టిగా చుట్టి గుండెకు హత్తుకుంది. "మా చిట్టి కడుపునిండా తిని కంటినిండా నిద్రపోవాల. ఏది పేలినా వాడి గుండె అదరకూడదు," అని కళ్ళు మూసుకుని చెప్పుకుంది. వరసలో ఒక్కరు గొణిగితే ఒట్టు. వెనకెక్కడో ఎవరిదో ఫోను మోగితే దాన్నీ నొక్కేశారు.

తర్వాత తాడు విప్పి కోమలికిచ్చి, డొప్పను కొంగున ముడేసుకుంది.

"దాన్ని ఇంట్లో పెట్టుకోవద్దు, స్టేషన్లో అప్పజెప్పు," అంది కోమలి.

"ఇచ్చేస్తాలే. ధైర్యమంతా తాడుకొచ్చేసింది, ఇంక ఉత్త డొప్పతో నాకేం పని?"

కోమలి ముక్కు ఎగబీల్చి కత్తెర అందుకుంది. కళ్ళు మసకబారి తాడు సరిగా కనబడటం లేదు. నల్లతాడును బల్ల మీద పరిచి, చిన్నారి నడుమును మనసులో ఊహించుకుంటూ జానలు వేసింది.

"ఇక్కడికి కత్తిరించనా పెద్దమ్మా? ముడికి ఇంకో బెత్తెడు వదిలితే సరిపోతుందా చిట్టికి?"

"సాలదు తల్లీ, తాడంతా పెట్టెయ్," అంది గురవమ్మ. "నలభై రెండో నంబరు ప్యాంటు తొడుగుతాడు మా తమ్ముడు."