నూట నలభై ఎనిమిదో పేజీ

"ఈ ఒక్క పేరు తీసేస్తే మీ సొమ్మేం పోతుంది సార్?" అంది కన్సార్షియం ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి.

లైబ్రేరియన్ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. "టీసీ తీసుకోలేదమ్మా. టీసీ తీసుకోనిదే మా కాలేజీలో పేరు కొట్టెయ్యరు. అది ఇక్కడి పద్ధతి."

పొద్దుటి నుంచీ ఇదే మాట. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

పదకొండు కాలేజీలు కలిసి కన్సార్షియంగా ఏర్పడి, ఒకే ఒప్పందం మీద ఈ-పుస్తకాలు తెప్పించుకుంటున్నాయి. ప్రస్తుతం చదువుతున్నవాళ్ళే వాటిని తెరవాలన్నది షరతు. ఏటా కొత్తవాళ్ళ పేర్లు చేర్చాలి, వెళ్ళిపోయినవాళ్ళవి తీసెయ్యాలి. అందరూ తీసేశారు. ఈ కాలేజీలో మాత్రం రోల్ నంబరు 417 ఏడాదిగా క్లాసు మొహం చూడకపోయినా జాబితాలో అలాగే ఉంది. పుస్తకాల కంపెనీ మూడు ఉత్తరాలు రాసి విసిగిపోయింది. ఇవాళ సాయంత్రం నాలుగింటికల్లా ఆ పేరు తియ్యకపోతే పదకొండు కాలేజీలకీ పుస్తకాలు ఆపేస్తామంది. రేపటి నుంచే పరీక్షలు. గోడ గడియారంలో మూడుంపావు అయింది.

అమ్మాయి తన ల్యాప్‌టాప్ ఆయనవైపు తిప్పింది. "ఇది చూడండి. 417 పేరుతో రోజూ మధ్యాహ్నం ఎవరో పుస్తకం తెరుస్తున్నారు. ఎక్కణ్ణుంచో తెలుసా? మీ టేబుల్ మీదున్న ఈ కంప్యూటర్ నుంచే. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవరికి చదివిస్తున్నారు సార్?"

"ఎవరికీ లేదు. నేనే తెరుస్తున్నాను."

"మీకు మీ లాగిన్ ఉందిగా?"

"దాంట్లో ఈ పిల్ల రాసుకున్నవి కనపడవమ్మా."

ఆయన కంప్యూటర్‌లో 417 నంబరు కొట్టాడు. పాస్‌వర్డ్ చూసుకోకుండానే కొట్టాడు.

"అదెవరిచ్చారు మీకు?"

"ఎప్పుడూ మర్చిపోయేది. నన్ను గుర్తుపెట్టుకోమనేది."

తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. 'మీరు 148వ పేజీలో ఆగారు. కొనసాగిస్తారా?' ఆయన 'తర్వాత' అన్నదాని మీద నొక్కాడు. వంతెనల నిర్మాణం గురించిన లావుపాటి పుస్తకం మొదటి పేజీ నుంచి తెరుచుకుంది. అంచుల్లో చిన్న చిన్న పసుపు చీటీలు. 'ఈ లెక్క మూడుసార్లు చేశా, మూడు జవాబులొచ్చాయి.' 'ఇది పరీక్షలో రాదు. వస్తే నా ఖర్మ.' 'ఆకలేస్తోంది.'

అమ్మాయికి నవ్వొచ్చింది. "గడుసుపిల్లే. మీకు బాగా ఇష్టమైన స్టూడెంటా?"

"ఊఁ."

"పేరు తీసేస్తే ఇవన్నీ పోతాయనా మీ బాధ? కాగితం మీద దించుకోవచ్చు కదా సార్."

"ఎప్పుడో దించుకున్నాను. కాగితం నన్ను అడగదు కదమ్మా, కొనసాగిస్తారా అని."

ఈ ముసలాయన చాదస్తానికి పదకొండు కాలేజీల పిల్లలు బలి కావాలా అని అమ్మాయికి ఒకపక్క ఒళ్ళు మండుతోంది, ఇంకోపక్క ఎందుకో జాలేస్తోంది. ఇంతలో రీడింగ్ రూమ్‌లోంచి ఒక విద్యార్థిని లేచి కౌంటర్ దగ్గరికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సార్, నాలుగింటికి పుస్తకాలు ఆగిపోతాయంటున్నారు, నిజమేనా? నాకింకా రెండు పాఠాలు మిగిలాయి."

లైబ్రేరియన్ ఆ పిల్లని చాలాసేపు చూశాడు. "ఆగవు తల్లీ. వెళ్ళి చదువుకో" అన్నాడు. తర్వాత ఫోనెత్తి, టీసీ పుస్తకం పట్టుకురమ్మని ఆఫీసు క్లర్కుకి చెప్పాడు.

క్లర్కు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు కానీ, దాని మీంచి చెయ్యి తియ్యలేదు. "ఇంకొక్క రోజు అడిగి చూద్దాం సార్. నేను ప్రిన్సిపాల్‌గారితో మాట్లాడతాను."

"ఏడాది నుంచీ ఇంకొక్క రోజే అడుగుతున్నాం. ఇలా ఇయ్యి."

క్లర్కు తల వంచుకుని వెళ్ళిపోయాడు. టైం మూడూ నలభై. అమ్మాయి గబగబా పేజీ తీసి రోల్ నంబరు వేసింది. "ఎందుకు వెళ్ళిపోయారో టిక్ పెట్టాలి. చదువు పూర్తయింది, మానేశారు, వేరే కాలేజీలో చేరారు. ఏది పెట్టమంటారు?"

"ఏదీ కాదు."

ఆయన కలం తీసుకుని మూడింటినీ కొట్టేశాడు. కింద ఖాళీగా ఉన్నచోట ఒక్క మాట రాశాడు. మరణం.

అమ్మాయికి ఇందాక ఆ చీటీలు చదివి నవ్వినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నాకు తెలీదు సార్. దొంగని నిలదీసినట్టు మాట్లాడాను మిమ్మల్ని."

"నీకెలా తెలుస్తుందమ్మా. నీ పని నువ్వు చేశావు."

ఆమె మళ్ళీ కాగితం చూసింది. కింద ఇంకో గీత మిగిలింది. "దీనికి తల్లిగానీ తండ్రిగానీ సంతకం పెట్టాలి సార్" అంది నెమ్మదిగా. "ఇంకా పావుగంటే ఉంది. ఈ మాట రాసిన కాగితం మీద సంతకం పెట్టమని, ఆ కన్నవాళ్ళని ఏ మొహం పెట్టుకుని పిలుస్తాం?"

లైబ్రేరియన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పుస్తకం తనవైపు తిప్పుకుని, 'తండ్రి' అని ఉన్నచోట తన సంతకం పెట్టాడు.