రాతికి అటువైపు

చైనాలోని షియాన్ నగరంలో గంట గోపురానికీ కోటగోడకీ జనం ఫోటోల కోసం వెళ్తారనీ, ఊరు నోరు విప్పి మాట్లాడేది మాత్రం తమ శాసనాల మ్యూజియంలోనేననీ సుచిన్ గర్వం. రాతికి తడి కాగితం అంటించి, సిరా అద్దిన గుడ్డమూటతో తట్టి అక్షరాలు దించడంలో నలభై ఏళ్లుగా ఆమెను మించిన చెయ్యి లేదు. రేపు ఆమె ఎదుటనున్న ఈ పెద్ద శాసనానికి అద్దం బిగిస్తారు. ఈ రాత్రి ఆమె తీసేదే ఆఖరి ప్రతి.

"అక్కా, త్వరగా కానివ్వు. మటన్ పులుసు దుకాణం మూసేస్తారు," అన్నాడు కాపలాదారు మెంగ్ తలుపు దగ్గర నుంచి.

"వెయ్యేళ్లుగా నిలబడిన రాయిరా ఇది. నీ పొట్ట ఒక్క గంట ఆగలేదా?"

మెంగ్ నవ్వుకుంటూ బయటికి వెళ్లాడు. ఆమె తట్టడం మొదలుపెట్టింది. రాతి వెనక నుంచీ అదే చప్పుడు వచ్చింది. ప్రతిధ్వని అనుకుని చెయ్యి ఆపింది. చప్పుడు తీరిగ్గా మరో మూడు అక్షరాల మేర సాగి, అప్పుడు ఆగింది.

టార్చి తీసుకుని వెనక్కి వెళ్లింది. ఎవరూ లేరు. రాతికి మాత్రం ఒక కాగితం అంటుకుని ఉంది, ఇంకా తడిగా. సిరా ఎక్కడా ముద్దకట్టలేదు, ఎక్కడా పలచబడలేదు. భయం కింద ఆమెలో రోషం భగ్గుమంది. ఆ పని తన పనికన్నా బాగుంది.

మెంగ్‌ను పిలవవచ్చు. పిలవలేదు. తన వైపుకు వచ్చి, సిరా అద్దుకుని, చేతిని రాతి మీదికి ఎత్తింది.

అటువైపు నిశ్శబ్దం. ఆమె మొదలుపెట్టాలని ఎదురుచూస్తున్న నిశ్శబ్దం.