చావు సీను

"ఏడవమంటే నవ్వుతావేంటమ్మా? నీ మొగుడు పోయాడిక్కడ!"

డైరెక్టర్ జగదీష్ మైకులో అరిచాడు. శవపేటిక వెనుక నిలబడ్డ పుల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు వరసలో పెద్ద డ్రమ్ము మెడకు తగిలించుకున్న ఆమె భర్త ఎబినేజర్ వెనక్కి తిరిగి కన్ను గీటాడు.

"ఏం జెయ్యాలె సారూ, ఆయన మొకం జూస్తుంటే ఏడుపెట్లొస్తది?" అంది పుల్లమ్మ.

అందరూ గొల్లుమన్నారు.

బొగ్గుబాయి కార్మికుల బ్యాండు మీద సినిమా అది. కథ రాసుకున్నప్పుడు జగదీష్‌కి కళ్ళు చెమర్చాయి. తీరా మనుషుల్ని చూశాక ఒళ్ళు మండిపోయింది. షిఫ్టు దిగొచ్చి బూరలు పట్టుకునే ఈ గుంపుకి దుఃఖమంటే ఏం తెలుసు? చావు పాట వాయించమంటే బారాత్‌లా వాయిస్తారు.

"వీళ్ళకంటే గొర్రెలు నయం," అన్నాడు అసిస్టెంటు శివకుమార్‌తో, అందరికీ వినబడేలా.

బ్యాండు మాస్టరు యోనా బూర దించాడు. "మాట జర జూసుకో సారూ. మా కాలనీల ఎవరు పోయినా సాగనంపేది మేమే."

"అందుకేనేమో, పోయినవాళ్ళెవరూ తిరిగి రాలేదు!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. బూరలు సర్దుకుని వెళ్ళిపోతున్నారు. రెండో షిఫ్టుకి టైమైందని ఎబినేజర్ డ్రమ్ము పుల్లమ్మకిచ్చి బాయి దారి పట్టాడు.

"రేపు పొద్దున ఏడింటికి! ఇదే రోడ్డు!" అని జగదీష్ వెనక నుంచి కేకేసి, శివకుమార్ వైపు తిరిగాడు. "వస్తార్లే. తెర మీద మొహం కనబడుతుందంటే పాక్కుంటూ వస్తారు."

మర్నాడు యూనిట్ భద్రాచలం లాడ్జి నుంచి నేరుగా నిన్నటి సమాధుల రోడ్డుకే వచ్చింది. శివకుమార్ సామాన్ల వ్యాను దగ్గరకు వెళ్ళాడు. కెమెరా సర్దుతుండగానే మలుపు అవతల బూరలు వినిపించాయి.

"రోల్! రోల్!"

ముందు యోనా. నిన్నటి పాటే, కానీ వింటుంటే గుండె పట్టి లాగుతోంది. మోసేవాళ్ళ భుజాలు బరువుకి వంగిపోయాయి. పెట్టె మీద పెద్ద డ్రమ్ము పెట్టారు. వెనకాల పుల్లమ్మ రోడ్డు మీద పడుతోంది, లేస్తోంది, మళ్ళీ పడుతోంది. ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకున్నా ఆగడం లేదు.

జగదీష్ ఛాతీ పొంగింది. "చూశావా? తిడితేగానీ వీళ్ళకి నటన రాదు!" అంటూ కెమెరామన్ వీపు చరిచాడు. "ఆ డ్రమ్ము ఐడియా ఎవరిదోగానీ, రేపు పేపర్లో మాత్రం నాదే."

గుంపు కెమెరా దాటింది.

"కట్! సూపర్! పుల్లమ్మా, ఇక చాల్లే!"

ఎవరూ ఆగలేదు. ఒక్కరూ తిరిగి చూడలేదు.

"చెవుడా మీకు? ఇంకో టేక్ కావాలి! పెట్టె వెనక్కి తెండి!"

వ్యాను దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చిన శివకుమార్ వగరుస్తూ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"సార్... మన పెట్టె ఇంకా వ్యాన్‌లోనే ఉంది."