పదకొండో బెడ్‌కి తగ్గిపోయింది

పెద్ద డాక్టరుగారు రౌండ్సుకి వచ్చారంటే వార్డులో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. వెనక నలుగురు చిన్న డాక్టర్లు, ఇద్దరు నర్సులు. అంతమంది ఎందుకో మరి, వాళ్ళు చూసేది ఒక్క ఫైలునే.

పదకొండో బెడ్ మీద దుప్పటి ముక్కుదాకా కప్పుకుని ఉన్నదాన్ని, లేవబోయాను.

"పడుకోండి, పడుకోండి," అన్నారాయన, ఫైలు వంక చూస్తూ. "అడ్మిట్ అయినప్పుడు ఏంటి?"

"ఆయాసం సార్. నాలుగడుగులు వేస్తే ఊపిరి అందేది కాదు," అన్నాడు ఒక చిన్న డాక్టరు.

నేనేదో చెప్పబోయాను.

"మాట్లాడకండి, ఆయాసం వస్తుంది."

ఎంత శ్రద్ధో. స్టెతస్కోపు మాత్రం మెడ దిగలేదు. అది అలంకారానికి కాబోలు. ఆయన నాలుగు కాగితాలు తిప్పి, తన వైద్యానికి తనే మురిసిపోయారు.

"చూశారా, మందు ఎలా పనిచేసిందో. ఆయాసం ఆనవాలైనా లేదు. ఇవాళే డిశ్చార్జ్ రాసెయ్యండి."

నాలుగు తలలూ ఒక్కసారే ఊగాయి. దండు పన్నెండో బెడ్‌కి కదిలింది.

అప్పుడు బాత్రూం తలుపు తెరుచుకుంది. మా ఆయన గోడ పట్టుకుని, అడుగుకోసారి ఆగి రొప్పుతూ వచ్చారు. వారం రోజులుగా స్టూలు మీద కూర్చుని నా నడుం పడిపోయిందని, తను వచ్చేదాకా తన మంచం మీద కాస్త ఒరగమన్నది ఆయనే.

"డాక్టరుగారు... వచ్చారా?"

"వచ్చారు," అన్నాను, దుప్పటి తీసి ఆయనకి చోటిస్తూ. "మీకు పూర్తిగా తగ్గిపోయిందట."