దొరకని లైబ్రరీ

"ఇంకా లేవలేదా అది?" టీ కప్పుతో వచ్చి అతని భుజం మీదుగా తొంగి చూసింది అకౌంట్స్ అక్క.

"లేస్తుందక్కా. కాస్త బద్ధకిస్తోంది," అన్నాడు తాళాలాయన.

ఆఫీసులో అతనికి ఆ పేరు ఊరికే రాలేదు. అందరి కంప్యూటర్ల భద్రత చూడడం అతని ఉద్యోగం. ఎవరైనా పాస్‌వర్డ్‌ని కాగితం మీద రాసి అతికించుకుంటే దాన్ని చించి పారేసి, పైగా అందరి ముందూ క్లాసు పీకేవాడు. ఇప్పుడు అంతటివాడూ చెమటలు కక్కుతున్నాడు. మధ్యాహ్నం యజమాని ముందు కొత్త భద్రతా సాఫ్ట్‌వేర్ నడిపి చూపించాలి. నడిస్తే ఉద్యోగం పర్మనెంటు. నడవకపోతే ఇంటికే. పర్మనెంటు అయిపోయిందని భార్యతో నిన్ననే కోతలు కోసేశాడు కూడా.

సాఫ్ట్‌వేర్‌ది మాత్రం ఒకటే పాట: 'షేర్డ్ లైబ్రరీ దొరకలేదు.' తను నడవడానికి కావలసిన ఫైళ్లలో ఒకటి లేదని దాని ఏడుపు. ఏమేం కావాలో చూపించే కమాండ్ కొట్టాడు. అన్నిటి పక్కనా అవి ఉన్న చోటు కనిపించింది. ఒక్కదాని పక్కన మాత్రం 'లేదు' అని ఉంది. మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాడు. అయినా లేదు. పక్క మెషీన్‌లోంచి అదే పేరున్న ఫైలు తెచ్చి పెడితే, వెర్షన్ కుదరలేదంది. కాపలాకి వచ్చినవాడు చెప్పులు దొరకలేదని గుమ్మంలో కూర్చుని మారాం చేస్తున్నట్టుంది దాని వాలకం.

సాఫ్ట్‌వేర్ కంపెనీ సైటులో పొద్దున్నే కంప్లైంట్ పెట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. ఇక గత్యంతరం లేక, ఇలాంటి తిప్పలు పడేవాళ్లంతా గోడు వెళ్లబోసుకునే ఫోరమ్‌లో ఎర్రర్, ఆఫీసు పేరు, మెయిలు, ఫోన్ నంబరు అన్నీ రాసి, 'అర్జెంటు, పుణ్యముంటుంది' అని చేర్చాడు. 'ఇంత చదువూ చదివి చివరికి అడుక్కోవడం నేర్చుకున్నాను' అనుకుని తనకు తనే నవ్వుకున్నాడు.

టీ చల్లారకముందే ఫోన్ మోగింది.

"సపోర్ట్ నుంచి సర్. లైబ్రరీ దొరకట్లేదని రాశారు కదా?"

"దేవుడిలా వచ్చారు! చెప్పండి."

"ఇది మామూలే సర్. సరైన ఫైలు మెయిల్ చేశాను. పాత వైరస్ గార్డ్‌ని కాసేపు ఆపి ఎక్కించండి. అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, కొట్టేయండి."

"గార్డ్ ఆపాలా?"

"రెండూ కొట్టుకుంటాయి సర్. మీకు తెలియనిదా!"

ఆ ఆఖరి మాటకి తాళాలాయన వెన్నలా కరిగిపోయాడు. పొద్దుట్నుంచీ తనకేదో తెలుసని అన్నవాడు ఈ ఫోన్ చేసినవాడొక్కడే. ఆపమన్నది ఆపాడు, ఎక్కించమన్నది ఎక్కించాడు, కొట్టమన్నది కొట్టాడు. తెర మీద పచ్చదీపం వెలిగింది. అతనికి కళ్లలో నీళ్లొచ్చినంత పనయింది.

మధ్యాహ్నం ముందు వరుసలో యజమాని కూర్చున్నాడు. పచ్చదీపాన్ని చూపిస్తూ తాళాలాయన రెచ్చిపోయాడు. మధ్యలో అకౌంట్స్ అక్క ఒకప్పుడు అతికించుకున్న పాస్‌వర్డ్ కాగితం సంగతి కూడా బయటికి లాగాడు.

"చెప్పండక్కా, మన తాళంచెవి దారినపోయేవాడి చేతిలో పెడతామా?"

"పెట్టం బాబూ. బుద్ధొచ్చింది, వదిలెయ్," అందామె. అందరూ గొల్లుమన్నారు.

యజమాని లేచి అతని భుజం తట్టాడు. "నీ ఉద్యోగం ఖాయమయ్యా. ఇక మేం గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు."

గాల్లో తేలుతూ వరండాలోకి వచ్చేసరికి ఫోన్ మోగింది. ఈసారి ఆడగొంతు.

"సాఫ్ట్‌వేర్ కంపెనీ సపోర్ట్ నుంచి సర్. పొద్దున మీరు పెట్టిన కంప్లైంట్ గురించి..."

"అయ్యో, మళ్లీ ఎందుకమ్మా శ్రమ! దివ్యంగా నడుస్తోంది. ఇందాక ఫోన్ చేసిన మీ అబ్బాయికి నా థాంక్స్ చెప్పండి."

అవతల కీబోర్డు టకటకలాడింది.

"మేం ఫోన్ చేయడం ఇదే మొదటిసారి సర్."