ముందున్నవాడి ఫోను

“నాన్నా, నాకేం కనబడట్లేదు!” అంది వెల్డరు భుజాల మీద కూర్చున్న కూతురు.

ముందున్నవాడు రెండు చేతులతో ఫోను వేదికవైపు ఎత్తి పట్టుకున్నాడు. గాయకుడి కంట పడాలని చాలామంది చేస్తున్న పనే అది. ఫోను తెర మీద పెద్ద అక్షరాలు పరిగెడతాయి, వెనకవాళ్లకు కనిపించేది ఫోను వీపే.

“ఏయ్, దించరా!” అని అరిచాడు వెల్డరు.

ముందున్నవాడు వెనక్కి తిరిగి, పాట హోరులో ఏదో అరుస్తూ నేలవైపు వేలు చూపించాడు. కాళ్లు ఎడంగా పెట్టి, రాయిలా నిలబడ్డాడు.

“నన్ను కింద కూచోమంటావా? తాట తీస్తా!”

ఒక చేత్తో కూతురి కాలు పట్టుకునే, రెండో చేత్తో గుద్దాడు. మొదటి గుద్దు దవడకు తగిలింది. రెండోదానికి ముక్కు చితికింది. అయినా ఫోను దించలేదు. దాంతో వెల్డరుకి ఇంకా ఒళ్లు మండింది. జుట్టు పట్టి గుంజాడు. పక్కవాళ్లు కూడా తలో చెయ్యి వేసి, నెత్తురోడుతున్న ఆ మనిషిని వెనక్కి ఈడ్చేశారు.

లాక్కున్న ఫోను కూతురి చేతికిచ్చి, డ్యూటీ బూట్లతోనే ఆ ఖాళీలోకి అడుగేశాడు వెల్డరు.

“ఇప్పుడు కనబడుతోందా తల్లీ?”

“ఆఁ! ఎగురు నాన్నా!”

ఎగిరాడు. బూట్ల కింద ఎవరిదో సంచి కాబోలు, మెత్తగా తగిలింది. మళ్లీ ఎగిరాడు.

చదవడం కొత్తగా నేర్చిన కూతురు, ఫోనులో కదిలిపోతున్న అక్షరాలను కూడబలుక్కుంటూ అతని చెవిలో గట్టిగా చదివింది.

“పాట... ఆపండి... నా కాళ్ల మధ్య... పాప... పడిపోయింది.”