కూత పెట్టే బ్రేకులు

“వేసి పది రోజులు కూడా కాలేదు కదండీ వీటిని. ఎందుకు తీసెయ్యడం?”

మట్టయ్య బ్రేకు డ్రమ్ము పక్కన పెట్టి, లైనింగు పట్టీ మీద బొటనవేలితో రాసి చూశాడు. కోదాడ బస్టాండు వెనక పన్నెండేళ్లుగా రిపేరు షెడ్డు నడుపుతున్నాడు. లారీలు, జీపులు, ట్రాక్టర్లు చాలా చూశాడు. రెండే సీట్లున్న స్పోర్ట్స్ కారు తన షెడ్డుకు రావడం ఇదే మొదలు. ఎప్పుడో ఎవరో నవాబుగారు షికార్ల కోసం తెప్పించుకున్న బండి అది. సాగరు కాల్వకు నీళ్లొచ్చి మిల్లులు లేచాక చేతులు మారింది. ఇప్పుడు రోజూ సూర్యాపేట నుంచి మిర్యాలగూడ రైసుమిల్లుకు పోయి వస్తోంది. ఎర్ర రంగు మీద దుమ్ము అట్టలు కట్టింది. పాపం, దానికీ రోజులు బాగాలేవు.

“మంచిగనే ఆపుతయి మేస్త్రీ. కానీ చప్పుడు చెయ్యవు,” అన్నాడు కారు తెచ్చినాయన.

యాభై ఏళ్లుంటాయి. చొక్కా చెమటకు వీపున అంటుకుపోయింది. స్టూలు మీద కూర్చున్నాడనడం కంటే కూలబడ్డాడనడం న్యాయం.

“చప్పుడు లేకపోతే మంచిదే కదా డ్రైవరన్నా?”

“అరిగిపోయిన పాతయి కూసేటియి. కాల్వ మలుపు కాడ తొక్కితే మిల్లు దాకా ఇనబడేది. గసొంటియే కావాలె.”

మట్టయ్య చేతిలో స్పానరు ఆగిపోయింది. అది ఏ మిల్లో అతనికి అర్థమైంది.

అతని చెల్లెలు జానమ్మ ఆ గోవర్ధన్ సేటు మిల్లులోనే వడ్లు ఆరబోసే పని చేస్తుంది. అయిదు నెలల పిల్ల తల్లి. ఆ మిల్లుకో రూలుంది. సేటు కారు వచ్చేసరికి కళ్లం మీద ఎవరైనా కూర్చుని కనబడితే మర్నాటి నుంచి పనిలోకి రానక్కర్లేదు. పిల్లకు పాలిస్తున్నా సరే. ఇన్నాళ్లూ ఆ కారు కూతే ఆడవాళ్లను కాపాడింది. అది వినగానే పిల్లను చీర ఉయ్యాలలో వేసి లేచి నిలబడేవాళ్లు. మొన్న ఆదివారం జానమ్మ వచ్చి ఏడ్చింది. “కారిప్పుడు పిల్లి లెక్క వస్తుందన్నా. పాలు సగంలనే ఇడిపించి లేస్తున్న.”

“సాయమ్మ అనే ఆమెకు పని పోయిందట కదా?” అని అడిగాడు మట్టయ్య.

ఆయన చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు.

“కొత్త లైనింగులు ఏసిన తెల్లారే. పిల్లకు పాలిస్తున్నది. లేద్దామనేసరికి బండి ముంగలనే ఉన్నది.”

“ఒక్కసారి చూడనట్టు పోతే సేటు సొమ్మేం పోయేది?”

“రూలు పెద్ద సేటుది.” పెద్ద సేటంటే గోవర్ధన్ సేటు తండ్రి. “మంచంల ఉండి కూడ రోజూ అడుగుతడు, ఇయ్యాల ఎవరు కూసున్నరని. ఆయన ముంగట అబద్ధం చెప్పనీకి కొడుకుకు నోరు రాదు. ఎవ్వరు కనబడలేదంటే, అది నిజం కావాలె.”

“అబ్బో, సత్యసంధుడు! యాభై ఏళ్లొచ్చి తండ్రి ముందు నోరెత్తలేడు గానీ, పసిపిల్లల తల్లుల మీద ప్రతాపం. అతనికి ఉసురు తగలకపోతే చూడండి.”

“తగుల్తది,” అన్నాడాయన నెమ్మదిగా.

మట్టయ్యకు ఆయన మీద ప్రేమ పొంగింది. అటక మీంచి మూడు రకాల లైనింగులు దించాడు. రెంటిని చూపకుండానే పక్కకు నెట్టి మూడోది చేతిలో పెట్టాడు.

“ఇది లారీ రకం. గట్టిది. కోసి రివెట్లు కొడతాను. ఆపడానికి ఢోకా లేదు. కూతంటారా, చెవులు పట్టవు. కాకపోతే పెడలు మీద ఒంటి బరువంతా వెయ్యాలి. రోజూ అంత దూరం తొక్కితే మీ పిక్కలు పట్టేస్తాయి.”

“పట్టనీ.”

“సేటుకు తెలిస్తే?”

“సేటు సంగతి నాకిడిసిపెట్టు.”

“సూర్యాపేటలో అన్ని షెడ్లుండగా ఇంత దూరం వచ్చారే?”

“గాడ అందరికి ఎరికున్న బండి. మాటలు ఇంటిదాక పోతయి.”

మట్టయ్య మధ్యాహ్నం అన్నం మానేసి పని పూర్తి చేశాడు. ఆయన కారు రోడ్డెక్కించి, కొంత దూరం పోయి బ్రేకు తొక్కాడు. కీచుమన్న ఆ కూతకు టీ బడ్డీలో గ్లాసు పట్టుకున్నవాడు సగం టీ ఒలకబోసుకున్నాడు. బూతు కూడా తిట్టాడు. ఆయన స్టీరింగు మీద తల ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు.

తిరిగొచ్చి డబ్బు తీయబోతే మట్టయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు.

“మీ దగ్గర తీసుకోనండీ. మీరూ నేనూ ఒకరి కింద బతికేవాళ్లమే కదా.”

ఆయన తల వంచుకున్నాడు. నోటు స్టూలు మీద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఆదివారం జానమ్మ వచ్చింది. ముఖం తేటగా ఉంది.

“కూత మళ్లొచ్చిందన్నా! పిల్ల కడుపునిండ తాగుతుంది.”

“నేనే వేశాను. ఆ డ్రైవరు దేవుడే చెల్లే. సేటుకు తెలియకుండా తెచ్చి వేయించాడు.”

జానమ్మ అన్నను వింతగా చూసింది.

“డ్రైవర్ యాడున్నడన్నా, ఆ కారు కొన్ననాటి నుంచి నడిపేది గోవర్ధన్ సేటొక్కడే.”